సమాధానం: ఆకుపచ్చ కూలెంట్‌లో గులాబీ రంగుది కలపొచ్చా?

మీ బండిలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్‌లో మట్టం నెలనెలా తగ్గుతోందని, పాత ఆకుపచ్చ కూలెంట్‌లో గులాబీ రంగుది పోయొచ్చా అని అడిగారు. దయచేసి పోయకండి. రంగు కంపెనీ కలిపే డై మాత్రమే, దాన్ని బట్టి లోపలి రసాయనం తెలియదు. పొసగని రెండు రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం తగ్గుతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే మామూలుగా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలుపుతారు. కుళాయి నీళ్లు వద్దు, లోపల గార పడుతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ అనిపించింది మట్టం తగ్గడమే. మూసి ఉన్న సిస్టమ్‌లో కూలెంట్ అంత త్వరగా తరగదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హోస్ క్లిప్పులు, వాటర్ పంప్ కింద చెమ్మ, రేడియేటర్ మూత రబ్బరు చూడండి. బయట లీకు లేకుండా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే, లేదా ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారితే, హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగానికి, కింది బ్లాక్‌కి మధ్య ఉండే సీలు) అనుమానించాలి. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌కి చూపించండి. ఇంజిన్ వేడి మీద మూత అస్సలు తిప్పకండి, మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణాలకే ముప్పు.