దుబాయ్ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టాక ఒమిక్రాన్ వచ్చింది: వెళ్లాలా, మానాలా? (2022 జనవరి నాటి ప్రశ్న, జవాబు)

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ. రొయ్యల మేత దుకాణం నడుపుతాను. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. దుబాయ్‌లో ఎక్స్‌పో జరుగుతోంది కదా, పిల్లలకు చూపిద్దామని మొన్న నవంబరు మొదట్లో నెల్లూరులోని ఒక ట్రావెల్స్‌లో ఐదుగురికి ప్యాకేజీ మాట్లాడుకున్నాం. మొత్తం 3 లక్షల 60 వేలు. లక్షన్నర అడ్వాన్సు కట్టాం. ప్రయాణం ఫిబ్రవరి 12న, చెన్నై నుంచి. ఇప్పుడు ఒమిక్రాన్ కేసులు చూసి మా అమ్మ భయపడుతోంది. ఆమెకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. మానుకుంటామంటే ట్రావెల్స్ ఆయన "డబ్బు వెనక్కి రాదు, కావాలంటే ఏడాదిలోపు వాడుకునేట్టు క్రెడిట్ నోట్ ఇస్తా" అంటున్నాడు. పూర్తి డబ్బు ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు చెప్పినట్టు వాట్సాప్‌లో చదివాను. నిజమేనా? ఇలాంటప్పుడు విదేశానికి వెళ్తే కేసులేమైనా అవుతాయా? అక్కడ ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత? ఆర్టీపీసీఆర్ రిపోర్టు సంగతి తామే చూసుకుంటామని కూడా ఆయన అన్నాడు. రసీదు ఫొటో పంపుతున్నాను.

జవాబు: ముందు తేలికైనది తీసేద్దాం. వెళ్లడం నేరం కాదు. షెడ్యూల్డ్ అంతర్జాతీయ విమానాలను మన ప్రభుత్వం 2020 మార్చి 23 నుంచి ఆపేసింది, ఆ నిషేధాన్ని ఇప్పుడు 2022 ఫిబ్రవరి 28 దాకా పొడిగించారు. అయితే కొన్ని దేశాలతో పరస్పరం ప్రత్యేక విమానాలు నడుపుకునే 'ఎయిర్ బబుల్' ఒప్పందాలున్నాయి, వాటిలో యూఏఈ ఒకటి. మీ టిక్కెట్లు ఆ ఒప్పందం కింద నడిచే విమానానివే అయి ఉండాలి. పరీక్షలన్నీ చేయించుకుని, అడిగిన కాగితాలు చూపించి వెళ్లే కుటుంబాన్ని ఆపే చట్టం ఏదీ లేదు. ఈ రాసేదంతా, సెక్షన్లు, పన్నులు, గడువులు సహా, 2022 జనవరి మూడో వారం నాటి నిబంధనలను బట్టి. వారం తిరిగేసరికి ఇవి మారినా ఆశ్చర్యపోకండి.

ఇక డబ్బు. వాట్సాప్‌లో మీరు చదివింది అబద్ధం కాదు, మీకు వర్తించదు అంతే. అది ప్రవాసీ లీగల్ సెల్ కేసు, తీర్పు 2020 అక్టోబరు 1న వచ్చింది. మొదటి లాక్‌డౌన్‌లో, అంటే 2020 మార్చి 25 నుంచి మే 24 వరకు, ఆ రోజుల్లో ప్రయాణానికే టిక్కెట్ కొన్నవాళ్లకు పూర్తి సొమ్ము వెంటనే ఇవ్వమన్నారు. అంతకు ముందే కొనుక్కున్నవాళ్లకు పదిహేను రోజుల్లో ఇవ్వాలి, ఎయిర్‌లైన్ దగ్గర డబ్బు లేకపోతే 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్ (మరో టిక్కెట్‌కు వాడుకునే జమ) ఇచ్చి, వాడుకోకపోతే అప్పుడు డబ్బే ఇవ్వాలి. విమానాలు మొత్తంగా నేల మీద ఆగిపోయిన రెండు నెలల గొడవ అది. మీరు 2021 నవంబరులో కొన్నారు, విమానం నేటికీ ఎగురుతూనే ఉంది. ఆ తీర్పు కాగితం పట్టుకుని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్తే ఆయన నవ్వి పంపిస్తాడు, ఈ ఒక్క విషయంలో న్యాయం ఆయన వైపే ఉంటుంది.

మీ కేసులో తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే: ప్రయాణాన్ని రద్దు చేసేది ఎవరు?

ఎయిర్‌లైన్ రద్దు చేసినా, మన ప్రభుత్వమో అక్కడి ప్రభుత్వమో దారి మూసేసినా మీ చెయ్యి పైన ఉంటుంది. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, చేయడానికి వీలులేకుండా పోయిన ఒప్పందం చెల్లదు. అలా చెల్లకుండా పోయినప్పుడు తీసుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. విమాన టిక్కెట్ల మట్టుకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి. ఏజెంటు దగ్గర కొన్నా సరే, డబ్బు తిరిగి వచ్చేలా చూసే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, 30 పని దినాల్లో అది పూర్తి కావాలి. సొమ్మును క్రెడిట్ షెల్‌లో ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, ఎయిర్‌లైన్ తనంతట తాను అంటగట్టకూడదు. విదేశీ ఎయిర్‌లైన్ అయితే రిఫండ్‌కు వాళ్ల దేశపు నియమాలు చూస్తారు. అందుకే మీ టిక్కెట్ ఏ కంపెనీదో ముందు కనుక్కోండి. మీరు పంపిన రసీదులో ఆ ముక్కే లేదు.

మీ అంతట మీరు మానుకుంటే మాత్రం 56వ సెక్షన్ మీకు అక్కరకు రాదు. భయం, ఖర్చు పెరగడం, ఇబ్బంది, వీటిని కోర్టులు 'అసాధ్యం' కింద లెక్కకట్టవు. పైగా మీరు బుక్ చేసేనాటికి కరోనా వచ్చి ఏడాదిన్నర దాటింది. ఇలాంటిది వస్తుందని మాకేం తెలుసు అనే వాదన మీకు నిలవదు. అదే మాట ట్రావెల్స్ ఆయనకూ వర్తిస్తుంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. రేపు విమానం రద్దయి "ఇది దైవాధీనం, మా చేతుల్లో ఏముంది" అని ఆయన అంటే, మహమ్మారి నడుమ ప్యాకేజీలు అమ్మిన మనిషి మహమ్మారిని సాకుగా చూపడం కుదరదు.

అలాగని లక్షన్నరకూ నీళ్లు వదులుకోవాల్సిన పనీ లేదు. మీ రసీదును పెద్దది చేసి చూశాను. ఐదుగురి పేర్లు, ప్యాకేజీ మొత్తం, అందిన అడ్వాన్సు, కింద ఊదారంగు రబ్బరు స్టాంపు: 'అడ్వాన్స్ నాన్ రిఫండబుల్'. మీ సంతకం లేదు. ఎన్ని రోజుల ముందు రద్దు చేసుకుంటే ఎంత కోస్తారన్న పట్టిక లేదు. హోటల్ పేరు లేదు. జీఎస్టీ నంబరూ లేదు. డబ్బు పుచ్చుకున్నాక కొట్టిన స్టాంపు ఒప్పందం కాదు. ముందే చెప్పాడని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. ఒకవేళ చెప్పాడనుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద ఆయనకు దక్కేది సముచితమైన నష్టపరిహారమే. నష్టమే లేని చోట అడ్వాన్సు జప్తు చేసుకోవడం కుదరదని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి లెక్క అడగండి. ఎయిర్‌లైన్ కోసుకున్న క్యాన్సిలేషన్ ఛార్జీ ఎంత, హోటల్‌కు కట్టింది ఎంత, వీసా ఫీజు ఎంత, వాటికి బిల్లులు ఏవి? వీసా ఇప్పటికే వచ్చి ఉంటే ఆ ఫీజు పోయినట్టే, దాని గురించి కొట్లాడకండి. టిక్కెట్‌లోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు మాత్రం ఎంత నాన్ రిఫండబుల్ టిక్కెట్ అయినా తిరిగి రావాల్సిందే. విదేశీ ప్యాకేజీ మీద 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేశారేమో కూడా చూడండి. చేసి ఉంటే అది మీ పాన్ మీద జమ కావాలి, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. జీఎస్టీ నంబరు వేయని మనిషి దాన్ని కట్టి ఉంటాడా అన్నది నాకు అనుమానమే.

"మేం రావడం లేదండీ" అని ఫోన్లో చెప్పేసి ఉంటే అక్కడితో ఆపండి, రాతలో మాత్రం అలా పంపకండి. ఆ ఒక్క మెసేజీతో రద్దు చేసింది మీరే అవుతారు. వాట్సాప్‌లో ఇంతవరకే రాయండి: "మా ప్రయాణ తేదీని మార్చి రెండో వారానికి మార్చడానికి అయ్యే అదనపు ఖర్చు ఎంతో, రద్దయితే ఏ పద్దు కింద ఎంత తగ్గిస్తారో బిల్లులతో తెలపండి." ఆయన జవాబు ఇచ్చినా, ఇవ్వకపోయినా మీకు లాభమే. మిగతా 2 లక్షల 10 వేలు మాత్రం ఈ లెక్క చేతికొచ్చేదాకా కట్టొద్దు.

ఇక ఆర్టీపీసీఆర్ 'చూసుకుంటాం' అన్న మాట. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారుపెట్టింది ఇదే. ల్యాబ్ మనిషిని ఇంటికి పంపి శాంపిల్ తీయిస్తామని ఆయన ఉద్దేశమైతే మంచిదే. ముక్కులో పుల్ల పెట్టకుండానే కాగితం తెస్తానంటే వెంటనే బయటపడండి. దొంగ రిపోర్టు తయారుచేయడం ఐపీసీ 468 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడగల నేరం, తెలిసి దాన్ని చూపించడం 471 కింద నేరం. చూపించేది ఆయన కాదు, కౌంటర్ ముందు నిలబడే మీరు. దానికితోడు వ్యాధి వ్యాప్తికి కారణమయ్యే నిర్లక్ష్యానికి 269, ఉద్దేశపూర్వకమైతే 270, విపత్తు నిర్వహణ చట్టం 51. ఎలాగూ ఆ మోసం పారదు. దుబాయ్ వెళ్లేవాళ్లకు 48 గంటల్లోపు తీసిన, క్యూఆర్ కోడ్ ఉన్న రిపోర్టు కావాలి. ఆ పైన విమానం ఎక్కే ముందు ఆరు గంటల్లోపు ఎయిర్‌పోర్టులోనే ర్యాపిడ్ పీసీఆర్ చేస్తారు. అక్కడ పాజిటివ్ వస్తే చెన్నై నుంచే వెనక్కి. మనిషికి వేలల్లో అయ్యే ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో అడగండి. కృష్ణపట్నం ఆనందయ్య మందు వేసుకున్నామని చెబితే కౌంటర్లో వాళ్లు వినరు.

ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత అన్నారు. చాలావరకు మీదే. తిరుగు ప్రయాణానికి 72 గంటల్లోపు నెగెటివ్ రిపోర్టు 'ఎయిర్ సువిధ' పోర్టల్‌లో ఎక్కించాలి. ఐదుగురిలో ఒకరికి పాజిటివ్ వస్తే ఆ ఒక్కరే ఆగిపోరు, మీరెవరో తోడుండాలి. ఆ రోజుల హోటల్ అద్దె, కొత్త టిక్కెట్ల ఖర్చు ట్రావెల్స్ ఆయన మీద వేయడానికి చట్టంలో దారి దాదాపు లేదు. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే, పాలసీ మొదటి పేజీలోని బొమ్మలు కాకుండా మినహాయింపుల పేజీ చదవండి. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరితే చాలా పాలసీలు ఇస్తాయి. లక్షణాల్లేకుండా హోటల్ గదిలో ఐసొలేషన్‌లో ఉంటే ఆ అద్దె చాలావాటిలో రాదు. మీ అమ్మగారి షుగర్ సంగతి దాచకుండా రాయండి. దాచిన జబ్బు పేరుతో క్లెయిమ్ కొట్టేయడం ఇన్సూరెన్స్ కంపెనీలకు అన్నిటికంటే సులువు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మీ ఇంట్లో చట్టపరంగా ఎక్కువ నష్టపోయే అవకాశం ఉన్నది మీ ఆవిడకు. ప్రభుత్వ టీచరు శాఖ ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే శాఖాపరమైన చర్యకు దొరికిపోతారు. సెలవు మంజూరైతే చాలదు, విదేశానికి వెళ్లేందుకు అనుమతి వేరే ఉత్తర్వుగా చేతిలో ఉండాలి. జనవరి 11 నుంచి విదేశాల నుంచి వచ్చిన ప్రతివారికీ ఏడు రోజుల హోం క్వారంటైన్, ఎనిమిదో రోజు పరీక్ష తప్పనిసరి చేశారు. అంటే వారం ట్రిప్పుకు రెండు వారాల సెలవు. అది పెట్టకుండా మూడో రోజే బడికి వెళ్తే పిల్లలున్న చోటుకు వెళ్లినట్టు, కేసు పెట్టదలచుకున్నవాళ్లకు చేతికి అందించినట్టు. సింగరాయకొండలో ఇది దాగదు. రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చిలో తేలింది మా నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. అప్పటినుంచి ఫారిన్ నుంచి ఎవరైనా దిగారంటే సచివాలయం ఏఎన్ఎం కంటే ముందు ఎదురింటివాళ్లకే తెలుస్తుంది. మీ దుకాణం కూడా ఆ ఏడు రోజులు ఇంకొకరు చూసుకోవాలి.

వెళ్లాలా మానాలా అని సూటిగా అడిగారు కాబట్టి చెబుతాను. ఫిబ్రవరి 12న వద్దు. అరవై దాటి షుగర్ లాంటి జబ్బులున్న పెద్దవాళ్లకు ముందు జాగ్రత్త (మూడో) డోసు ఈ నెల 10 నుంచే మొదలైంది, కానీ రెండో డోసు పడి 39 వారాలు నిండాలి. అమ్మగారికి రెండోది ఎప్పుడు పడిందో సర్టిఫికెట్‌లో చూడండి. పిల్లల్లో 15 ఏళ్లు దాటినవాళ్లకు జనవరి 3న మొదలైన టీకా రెండో డోసు 28 రోజులకు గానీ రాదు, చిన్నవాళ్లకు అసలు లేనే లేదు. ఎక్స్‌పో మార్చి 31 దాకా ఉంటుంది. తేదీ మార్చమని అడగడంలో మీరు పోగొట్టుకునేది తేడా ఖర్చు ఒక్కటే. అప్పటికీ అమ్మగారికి ధైర్యం రాకపోతే ఆమెను వదిలేసి నలుగురే వెళ్లొచ్చు, ఒక టిక్కెట్ నష్టమే అవుతుంది. కట్టిన లక్షన్నర ఎక్కడ పోతుందోనని ఐదుగురినీ విమానం ఎక్కించడం మాత్రం నేను సమర్థించను.

ట్రావెల్స్ ఆయన లెక్క ఇవ్వకుండా క్రెడిట్ నోట్ దగ్గరే మొండికేస్తే, మీరు నెల్లూరు దాకా రానక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు, అంటే ఒంగోలులోని జిల్లా కమిషన్‌లో. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. 'ఈ-దాఖిల్' పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. ట్రావెల్స్‌తో పాటు ఎయిర్‌లైన్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుని వాయిదాలు తింటారు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుకు ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. చట్టం దాన్ని అడగదు గానీ, ఇలాంటి గొడవలు సగం ఆ నోటీసు దగ్గరే సర్దుకుంటాయి. నోటీసుకు రసీదు నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్, పైన చెప్పిన వాట్సాప్ మెసేజీ ప్రింటు జతచేయండి. ఫోన్ మార్చేటప్పుడు ఆ చాట్ పోకుండా చూసుకోండి.