ఫోన్‌లో ఇంకో ఫోన్ పెడితే సేఫేనా?

ప్రశ్న: సార్, మాకు పర్లాకిమిడి బజార్లో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. ఇంటికంతా ఒకటే ఫోన్, అమ్మకం డబ్బులు దాన్లోకే పడతాయి, సాయంత్రమైతే పిల్లలు అదే లాక్కుని గేములాడతారు. పాతపట్నంలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు వేరే యాప్‌ల రెండో కాపీని తన లోపల నడిపే క్లోన్ యాప్ ఒకటి వేసి, బ్యాంకు యాప్ ఇందులో పెట్టుకోండి, ఇది వర్చువల్ ఫోన్ కాబట్టి వైరస్ అంటదు అన్నాడు. నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ క్లోన్ యాప్‌లోంచి బ్యాంకు యాప్ తీసేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఆ కుర్రాడు మంచికే చెప్పి ఉంటాడు, కానీ వర్చువల్ అన్న పేరున్నవన్నీ ఒకటి కాదు.

మామూలుగా ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ వేరే యూజర్ నంబర్ ఇస్తుంది, అందుకే గేము యాప్ వెళ్ళి బ్యాంకు యాప్ ఫైళ్ళు చదవలేదు. క్లోన్ యాప్‌లో పెట్టినవన్నీ ఆ క్లోన్ యాప్ నంబర్ మీదే నడుస్తాయి, అంటే మీరు గది అద్దెకి తీసుకున్నారు గానీ తాళంచెవి ఇంటాయన జేబులోనే ఉంది, పైగా పక్క గదులకీ అదే తాళంచెవి. ఆయన మంచోడైతే సరే. 2023లో ఫ్యోర్డ్‌ఫాంటమ్ అనే మాల్వేర్, అంటే దొంగ ప్రోగ్రామ్, సరిగ్గా ఇదే పని చేసింది, ఇండోనేషియా, థాయ్‌లాండ్, వియత్నాం వైపు జనానికి మెసేజులు పంపి యాప్ దించుకోమంది, దాన్లో ఉన్నది అసలు బ్యాంకు యాపే, కాకపోతే దొంగ వర్చువల్ డబ్బాలో కూర్చోబెట్టి నడిపించారు, ఫోన్ రూట్ చెయ్యాల్సిన, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం సంపాదించాల్సిన పని కూడా లేకుండా!

మీకు కావాల్సింది ఫోన్లోనే ఉండొచ్చు. శాంసంగ్ అయితే చాలా మోడళ్ళలో సెక్యూర్ ఫోల్డర్ ఉంటుంది, ఆండ్రాయిడ్ 15 వచ్చిన ఫోన్లలో ప్రైవేట్ స్పేస్ అని సెట్టింగ్స్‌లో చూడండి. బ్యాంకు యాప్ అందులో వేసి, ఫోన్ లాక్ కాకుండా వేరే లాక్ పెట్టండి, పిల్లలకి తెలియనిది. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్రైవేట్ స్పేస్ లాక్ చేస్తే లోపలి యాప్‌లు ఆగిపోతాయి, డబ్బు పడిన నోటిఫికేషన్ రాదు, షాపు టైములో తెరిచే ఉంచాలి.

ఇవి కూడా నిజమైన వర్చువలైజేషన్, అంటే ఫోన్లో విడిగా ఇంకో మెషిన్ నడపడం, కాదు లెండి, వేరే ప్రొఫైల్ అంతే, కింద ఫోన్ మొత్తాన్ని నడిపే కెర్నల్ ఒక్కటే, అది దొంగల చేతికి చిక్కితే రెండూ పోతాయి. అసలుది 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చింది, పీకేవీఎం అంటారు. కెర్నల్ కన్నా కింద హైపర్‌వైజర్ అని, మెషిన్లని విడివిడిగా ఉంచే ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని మెమరీని పంచుతుంది, లోపల నడిచే చిన్న మెషిన్ మెమరీని ఆండ్రాయిడ్ కెర్నల్ కూడా తొంగి చూడలేదు, అంటే ఫోన్ మొత్తం హ్యాకైనా ఆ ముక్కలో రహస్యం బయటపడకూడదన్నది లెక్క. నాకు బాగా నచ్చిన పని ఇది. కానీ అన్ని ఫోన్లలోనూ లేదు, ఉన్నచోట కూడా ఎక్కువగా సిస్టమ్ సొంత పనులకే, మీ బ్యాంకు యాప్‌ని మీరు తీసుకెళ్ళి అందులో పెట్టలేరు.

ఇంకోటి, చలాన్ అనో పెళ్ళికార్డు అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్ వేసేసే ఫైలు, వస్తే, ఒడియాలో వచ్చినా తెలుగులో వచ్చినా ముట్టుకోవద్దు. దానికి యాక్సెసిబిలిటీ పర్మిషన్ మీ చేత్తో మీరే ఇచ్చేస్తే స్క్రీన్ మీద ఉన్నది అది చదువుకుంటుంది, ఏ హైపర్‌వైజర్ ఏం చేస్తుంది చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: అన్నా, గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నా, ఫ్రెండ్ పిక్సెల్ ఫోన్లో లినక్స్ టెర్మినల్ చూశా, దాన్లో పిచ్చి కమాండ్లు కొడితే ఫోన్ పోతుందా?
- ఒక విద్యార్థి

జవాబు: పోదు తమ్ముడూ. 2025లో పిక్సెల్‌కి వచ్చిన ఆ టెర్మినల్లో డెబియన్ అనే లినక్స్ నడిచేది వేరే వర్చువల్ మెషిన్లోనే, లోపల పాడుచేసుకుంటే అదొక్కటే చెరిపి మళ్ళీ వేసుకోవచ్చు. ఫోన్‌తో షేర్ చేసిన ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, అందులో డిలీట్ కొడితే అసలు ఫైళ్ళే పోతాయి, పైగా ఫోన్ నీది కాదు.