ఒకే ఇల్లు, రెండు జ్ఞాపకాలు

‘నాన్న గురించి అన్నయ్య జ్ఞాపకాలూ నావీ ఎందుకు కలవవు, ఎవరు అబద్ధమాడుతున్నట్టు?’ అని అడిగారు కదా. తిరుపతిలో ఒకే ఇంట్లో పెరిగినా నాన్నగారు మీ అన్నగారికి కఠినుడిగా, మీకు ప్రేమమూర్తిగా గుర్తుండటం ఎవరో అబద్ధమాడుతున్నందువల్ల కాకపోవచ్చు; మనిషికీ మనిషికీ మధ్య ఉండే జన్యుభేదాల్లో తోబుట్టువులకు సగటున సగమే ఉమ్మడి గనుక, స్వభావాన్ని బట్టి తండ్రి మెలిగిన తీరూ, దాన్ని మనసు పట్టుకున్న తీరూ వేరుకావచ్చు.

1. చాలామంది వదిలేసేది ఇదే: మీరిద్దరూ జ్ఞాపకాలు పోల్చుకునేటప్పుడు కట్టుబాట్లను, ఆప్యాయతను విడదీసి అడగండి. మనస్తత్వ పరిశోధకుడు డేవిడ్ రో 1980ల తొలినాళ్లలో కవలలపై చేసిన అధ్యయనాల్లో తల్లిదండ్రుల ఆప్యాయతను పిల్లలు గ్రహించే తీరుపై జన్యుప్రభావం కనిపించింది, అదుపాజ్ఞల విషయంలో అంతగా కనిపించలేదు. కాబట్టి ‘గంగజాతరకు ఒంటరిగా పంపేవారా?’ అంటే మీ జవాబులు కలవవచ్చు, ‘మెచ్చుకునేవారా?’ అంటే కలవకపోవచ్చు.

2. వేర్వేరు ఇళ్లలో పెరిగిన స్వీడన్ కవలల బాల్య జ్ఞాపకాల్లోనూ 1988లో జన్యుప్రభావం తేలింది. అయితే అది జనసమూహంలోని తేడాల లెక్క; అన్నగారి ఏ ఒక్క జ్ఞాపకానికీ దాన్ని అంటగట్టకండి, వాదనలో అసలే వద్దు.