కొత్త ఉద్యోగంలో తొలి నెల: ఏది గమనించాలి?

ప్రశ్న: మాది కావలి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేశాను. వచ్చే నెల నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత విభాగంలో ట్రైనీగా చేరుతున్నాను. అక్కడి తీరు తెలిసేదాకా నోరు మెదపవద్దని స్నేహితురాళ్లు, తప్పు కనిపిస్తే వెంటనే చెప్పమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, శీతల యంత్రాల్లో వాడే అమ్మోనియా వాయువు వాసన వచ్చినా, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువగా ఉండవలసిన కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత పెరిగినట్టు కనిపించినా, చేరిన మొదటి రోజైనా సరే పై అధికారికి తక్షణం చెప్పండి, అక్కడ నాన్నగారి మాటే సరైనది. మిగిలిన విషయాల్లో ఒక నెల ఓపికగా గమనించండి.

సంస్థల సంస్కృతికి మూడు పొరలుంటాయని ఎడ్గార్ షైన్ అనే అమెరికన్ ఆచార్యుడు వివరించారు: కంటికి కనిపించేవి, సంస్థ తన గురించి చెప్పుకునేవి, ఎవరూ పైకి అనకపోయినా అందరూ పాటించేవి. గమ్‌బూట్లు, క్లోరిన్ నీళ్లలో చేతులు కడగడం మొదటి పొర. గోడ మీద 'నాణ్యతే ముఖ్యం' అన్న బోర్డు రెండోది. మూడోది ఒత్తిడి వచ్చిన రోజునే బయటపడుతుంది. కంటైనరు ఆ సాయంత్రమే బయలుదేరవలసి ఉండగా గ్రేడింగులో, అంటే రొయ్యలను సైజు వారీగా వేరు చేసేటప్పుడు, కౌంటు (నిర్ణీత తూకానికి ఎన్ని రొయ్యలు వస్తాయన్న లెక్క) తేడా వచ్చిందనుకోండి, అప్పుడు సరుకును ఆపే ధైర్యం ఎవరికుంది, సూపర్‌వైజరు 'ఏం జరిగింది' అని అడుగుతున్నారా, 'ఎవరు చేశారు' అని అడుగుతున్నారా అన్నది చూడండి. ఉష్ణోగ్రతల పట్టికను గంట గంటకూ నింపుతున్నారా, షిఫ్టు చివర ఒక్కసారే నింపుతున్నారా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ఆనవాలు.

అయితే ఒక్క రోజు చూసి తీర్పు చెప్పకండి. ఆ రోజు ఐసు ఆలస్యమై ఇన్‌ఛార్జి కేకలు వేసి ఉండవచ్చు; రాత్రి షిఫ్టు తీరు పగటికి భిన్నంగా ఉండవచ్చు. కనీసం మూడుసార్లు కనిపించినదాన్నే ఇంటికి వచ్చాక నోట్‌బుక్కులో రాసుకోండి, వినికిడి మాటలు రాయకండి. చేత్తో తడిమి కౌంటు చెప్పగల ఆడవాళ్లు గ్రేడింగు బల్లల దగ్గర ఉంటారు. వారిని 'అక్కా' అని పలకరించి, ఆ పని అలా ఎందుకు చేస్తారో అడగండి. 'ఏ ఊరు, ఎవరి తాలూకు?' అని వారు ఎదురడిగితే నొచ్చుకోకండి, మన ప్రాంతంలో పరిచయం అక్కడే మొదలవుతుంది.

నెల చివర మీ సూపర్‌వైజరును పది నిమిషాల సమయం అడిగి, రాసుకున్నవాటిలో రెండు మూడు సందేహాలను మాత్రమే, తప్పు పట్టినట్టు కాకుండా నేర్చుకునేవారిలా ముందుంచండి. ఈలోగా మీరు కొలవని అంకెల కింద సంతకం పెట్టమని ఎవరైనా అడిగితే మాత్రం, 'నేను చూడలేదండీ, ఇప్పుడే కొలిచి రాస్తాను' అని చెప్పి థర్మామీటరు తీసుకుని వెళ్లండి.