హెచ్.ఎం. అయిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో చెప్పినదే రెండు రోజులుగా మనసులో మెదులుతోంది. కొత్త బడిలో చేరి నెల తిరక్కముందే గేటు పక్కనున్న బడ్డీ కొట్టులో పొగాకు అమ్ముతున్నారని ఎస్సైకి ఫిర్యాదు కాగితం పెడతానన్నావు. పెట్టు తల్లీ, కానీ అది చివరి పని. దానికి ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి.

మొదట మరుగుదొడ్ల వెనక్కి వెళ్లి చూడు. ప్రహరీ మూలలు, సైకిళ్లు పెట్టే చోటు కూడా. ఖాళీ ఖైనీ పొట్లాలు, బీడీ ముక్కలు పిల్లల చేత ఏరించకు, నువ్వే ఏరి వారం రోజులు లెక్క రాసుకో. అందులో కొన్ని మన స్టాఫువే అని తేలితే కంగారు పడకు. అక్కణ్ణుంచే మొదలుపెట్టు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి పిల్లాడికి డబ్బులిచ్చి సిగరెట్టు తెమ్మని పంపేవాణ్ణి. ఆ రోజుల్లో అది తప్పని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. రెండేళ్లకి అదే పిల్లాణ్ణి చెరువు గట్టు మీద సిగరెట్టుతో చూశాను. నన్ను చూసి దాచెయ్యబోయి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ దారి వాడికి చూపించినవాణ్ణి నేనే. ఆ సాయంత్రం నుంచి మానేశాను, కానీ వాడి చేత మాన్పించలేకపోయాను.

ఇప్పుడైతే పిల్లల చేతికి పొగాకు ఇవ్వడం చిన్న తప్పు కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇది మొదట స్టాఫ్ రూములోనే చదివి వినిపించు. బడి ఆవరణలో పొగ తాగినవాళ్లకి జరిమానా వేసే అధికారం హెచ్.ఎం.గా నీకే ఉంది. దాన్ని వాడే అవసరం రాకపోతే మరీ మంచిది.

ఇక కొట్టు సంగతి. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ఎక్కడా అమ్మకూడదు. అయితే అమ్మినందుకు జరిమానా రెండు వందల రూపాయల దాకానే. నువ్వు కాగితం పెడితే కొట్టు నడిపే ఆమె రెండు వందలు కట్టేసి మర్నాడు మళ్లీ ఖైనీ పొట్లాల సరం వేలాడదీస్తుంది. పైగా నీతో మాటలుండవు. అందుకే ముందు కాగితం వద్దంటున్నాను.

ఒక సాయంత్రం బడి విడిచాక ఆమె దగ్గర కూర్చో. రోజుకి ఎంత వస్తుంది, అందులో సిగరెట్టు, ఖైనీల మీద ఎంత మిగులుతుంది, అడుగు. నేను అడిగినప్పుడు తెలిసింది, పిల్లలు కొనే చాక్లెట్లు, పెన్నులు, పల్లీ పట్టీల మీదే ఆమెకి ఎక్కువ నిలుస్తోందని. కొట్టు తీసెయ్యమని చట్టం అనలేదు, పొగాకు తీసెయ్యమని మాత్రమే అంది. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం పని అయినట్టే. నోటు పుస్తకాలు, గ్రాఫ్ కాగితాలు, జామెట్రీ బాక్సులు పెట్టమను. పిల్లల్ని అక్కడే కొనుక్కోమని నువ్వు ప్రార్థనప్పుడు చెప్పు.

విడిగా అమ్మే సిగరెట్టు గురించి గట్టిగా అడుగు. పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ, హెచ్చరిక వేయించింది ప్రభుత్వం. ఒక్క సిగరెట్టు తీసి చేతిలో పెడితే పిల్లాడికి ఆ బొమ్మే కనపడదు.

మే 31 పొగాకు వ్యతిరేక దినం. ఊరేగింపులకి నేను వ్యతిరేకిని కాను గానీ, ఆ రోజుకి మన బళ్లు సెలవుల్లో ఉంటాయి. ఫోటో కోసం పదిమందిని పోగుచెయ్యడం కన్నా జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రుల్ని పిలువు.

అమ్మమ్మల్ని, నానమ్మల్ని తప్పకుండా రమ్మను. మన శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ ఎవరికీ కొత్త కాదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు. తల్లి నుంచి కూతురికి వచ్చింది. ఆ వేడికి అంగిలి తెల్లబడుతుంది, తర్వాత ఎర్రటి చుక్కలు, పుళ్లు, కొందరికి క్యాన్సర్. వాళ్లని తిట్టి ఎవరూ మాన్పించలేదు. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వాళ్లు 1960ల నుంచీ ఈ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి నోళ్లు పరీక్షించారు. తర్వాత ఏటేటా అదే మనిషి దగ్గరికి వెళ్లి మానమని చెప్పారు. కొందరు మానేశారు, కొందరు తగ్గించారు, నోటిలో మచ్చలూ తగ్గాయి. నువ్వూ ఏఎన్ఎమ్మునీ, ఆశా కార్యకర్తనీ వెంటబెట్టుకుని వెళ్లు. టార్చి పట్టుకెళ్లి ముసలమ్మ నోరు తెరిపించి, ఆ మచ్చని ఆమె మనవరాలికి చూపించు. మానాలనుకున్నవాళ్లకి 1800-11-2356 నంబరు రాసివ్వు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

ఇవన్నీ చేశాక కూడా ఎవరైనా మొండికేస్తే అప్పుడు ఎస్సైకి, పంచాయతీ కార్యదర్శికి కాగితం పెట్టు. కొలత తప్పకుండా రాయి. గేటు నుంచి రోడ్డు వెంబడి కొలిచి "వంద గజాలు దాటింది" అని నాతో ఒకాయన వాదించాడు. నిబంధన అది కాదు. ప్రహరీ బయటి అంచు నుంచి సూటిగా, అన్ని వైపులా కొలవాలి. ఆ దూరంలో రోడ్డు మీద పసుపు గీత గీయించి, గోడకి బోర్డు పెట్టించు.

మీ అత్తయ్య ఆదివారం వస్తోంది. నా పాత టేపు ఆమె చేత పంపుతున్నాను. ముప్పై మీటర్లది. వంద గజాలకి మూడుసార్లు పరిచి, పైన మీటరున్నర కలుపుకో.

మామయ్య