లోగో దగ్గరే ఆగిపోతే మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న: నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. నా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ పెట్టుకునే నెట్టుకొస్తున్నాను. పోయిన నెల ప్రశ్నపత్రం టైపు చేస్తుంటే కరెంటు పోయి ఠక్కున ఆరిపోయింది. అప్పట్నుంచీ ఆన్ చేస్తే కంపెనీ లోగో వచ్చి అక్కడే నిలబడిపోతోంది. సెటప్ (బయోస్ సెట్టింగులు) తెరవడానికి ఎఫ్2 నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఒక్కోసారి విసుగొచ్చి అలాగే వదిలేసి కూర తిప్పి వచ్చేసరికి సెటప్ తెర కనిపిస్తోంది. ఒక షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు. ఇంకో షాపులో ఫార్మాట్ కొడితే చాలన్నారు. పాత ప్రశ్నపత్రాలన్నీ, మా చెల్లి పెళ్లి ఫొటోలూ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు సార్?
– ఒక టీచర్, బొబ్బిలి

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి మేడమ్. ముఖ్యంగా ఫార్మాట్ అన్నాయన మాట.

కూర తిప్పి వచ్చేసరికి సెటప్ తెర వచ్చిందని మీరు మామూలుగా రాసేశారు గానీ, మొత్తం ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం అదే. బోర్డు పూర్తిగా చచ్చిపోతే ఎంతసేపు కూర్చున్నా సెటప్ రాదు. ఆలస్యంగానైనా వచ్చిందంటే, బోర్డు దేనికోసమో ఎదురుచూసి, ఇక లాభం లేదనుకుని ముందుకు కదిలిందన్నమాట. బటన్ నొక్కగానే బోర్డు మీది చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్, అంటే మనం బయోస్ అనేది, ర్యామ్‌నీ కీబోర్డునీ డిస్కునీ వరసగా పలకరిస్తుంది. మీరు క్లాసులో హాజరు పిలిచినట్టే. డిస్కు జబ్బుపడితే వెంటనే పలకదు. ఆ కాసేపూ తెర మీద లోగో తప్ప ఇంకేమీ ఉండదు, మీ ఎఫ్2ని పట్టించుకునేవాళ్లూ ఉండరు. బ్యాటరీ లేని మిషన్‌కి రాస్తుండగా కరెంటు పోయిందంటున్నారు కాబట్టి నా అనుమానం హార్డ్‌డిస్కు మీదే.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద పరీక్షేమీ లేదు. ఛార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు అన్నీ పీకేసి పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కిపట్టండి. తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. ఊరికే లేచి కూర్చున్న మిషన్లు కూడా ఉన్నాయి. లేవకపోతే మళ్లీ ఛార్జర్ తీసేసి కింది మూత విప్పాలి. కొన్ని మోడళ్లలో ఒకటి రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. అవి చూసుకోకుండా లాగితే మూత విరుగుతుంది. చేయి తిరగకపోతే షాపులోనే, మీ కళ్లముందే విప్పించండి. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఆ బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇక తిరిగి పెట్టొద్దు, దాన్ని గుచ్చొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు.

హార్డ్‌డిస్కుని చాలా మోడళ్లలో ఒక పల్చటి రిబ్బన్ కేబులు బోర్డుకి కలుపుతుంది. అది వదులైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కాబట్టి ముందు దాన్ని తీసి సరిగ్గా నొక్కి పెట్టి చూడమనండి. అయినా అంతేనంటే డిస్కుని పూర్తిగా తీసేసి ఆన్ చేయించండి. లోగో చప్పున దాటిపోయి, బూట్ అవడానికి డిస్కు లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చిందా, మీ మదర్‌బోర్డుని అనవసరంగా అనుమానించినట్టే. డిస్కు తీసినా లోగో కదలకపోతే అప్పుడు ర్యామ్ తీసి పెట్టడం, రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడటం. బోర్డు గురించి ఆలోచించాల్సింది ఇవన్నీ అయ్యాకే.

ఇక మీ ఫైళ్లు. ఈ డిస్కుని మాటిమాటికీ ఆన్ చేసి చూడటం ఈరోజుతో మానేయండి. పోతున్న డిస్కు తిరిగే ప్రతి నిమిషం మీ ఫొటోల ఖాతాలో ఖర్చే. చెవి దగ్గర పెడితే టక్ టక్ అని కొట్టుకుంటుంటే ఎవరి చేతా ఏ సాఫ్ట్‌వేరూ పెట్టించకుండా డేటా రికవరీ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. ఖర్చు ఎక్కువే, పెళ్లి ఫొటోలకి అంత పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. శబ్దం మామూలుగానే ఉంటే డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ముందు కాపీ చేయించుకోవాలి. లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చినవాళ్లు దొరికితే డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాంతో తీయమనండి. అది బాగున్న చోట్లన్నీ ముందు కాపీ చేసుకుని, పాడైన చోట్లకి చివర్లో వెళ్తుంది. మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటుంది. షాపులవాళ్లకి అలవాటైన చెక్‌డిస్క్ మాత్రం కాపీ అయ్యేదాకా వద్దు. అది ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద చెదిరిన ఫైళ్లని సర్దడానికి పనికొస్తుంది, చావుబతుకుల్లో ఉన్నదాన్ని మాత్రం ఇంకా అలిసిపోయేలా చేస్తుంది.

వేరే కంప్యూటర్‌కి పెట్టినప్పుడు బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, 48 అంకెల కీ అడిగితే కంగారు పడకండి. మీకు తెలియకుండానే డిస్కుకి ఆ తాళం పడి (ఎన్‌క్రిప్ట్ అయి) ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్‌లో లాగిన్ అయి చూడండి, సాధారణంగా ఆ కీ అక్కడ దొరుకుతుంది.

ఎవరైనా బయోస్ అప్‌డేట్ చేద్దామంటే ఒప్పుకోవద్దు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోవచ్చు, మీ మిషన్‌కి ఆదుకునే బ్యాటరీ కూడా లేదు.

ఫైళ్లు చేతికొచ్చాక పాత డిస్కు చోటులో రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని, అదే చోటులో పట్టే డిస్కు) వేయించుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది కాబట్టి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయితే విండోస్ 11 వేయమనండి. కొత్త బ్యాటరీ కూడా అప్పుడే వేయించండి. ఈ కథంతా అక్కడే మొదలైంది.

ఇదే ఇబ్బందితో రాసే మిగతావాళ్లకి ఒక మాట. లోగో కింద చిన్న చుక్కలు గిర్రున తిరుగుతున్నాయో లేదో తప్పకుండా రాయండి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో విండోస్ కూడా కంపెనీ లోగోనే అలా ఉంచి, దాని కింద చుక్కలు తిప్పుతుంది. చుక్కలు వచ్చాయంటే ఫర్మ్‌వేర్ తన పని ముగించి విండోస్‌కి అప్పగించేసినట్టు. అప్పుడు చూడాల్సింది స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ లాంటివి, స్క్రూడ్రైవర్ కాదు. చుక్కలే రాకపోతే పైన చెప్పిందంతా వర్తిస్తుంది.

ప్రశ్న: మాది మీసేవ కేంద్రం. ల్యాప్‌టాప్ ఇంట్లో బాగానే ఆన్ అవుతుంది, కేంద్రంలో మాత్రం లోగో దగ్గర ఆగిపోతుంది. వోల్టేజీ తేడా అంటున్నారు. నిజమేనా?
– ఒక ఆపరేటర్, జనగామ

జవాబు: వోల్టేజీని తర్వాత తిడదాం. కేంద్రంలో వేలిముద్రల మిషన్, ప్రింటర్, నెట్ డాంగిల్, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే హబ్బుకి తగిలించి ఉంటారు కదా, రేపు పొద్దున ఆ హబ్బు పీకేసి ఆన్ చేయండి. లోగో దాటితే దోషి అందులోనే ఉంది. విండోస్ వచ్చాక అన్నీ పెట్టుకుని పని కానివ్వండి, సాయంత్రం తీరిగ్గా ఒక్కోటీ తగిలించి రీస్టార్ట్ చేస్తూ పోతే ఏదో తెలిసిపోతుంది. నేను చూసినంతలో ఎక్కువసార్లు హబ్బే, లేకపోతే మర్చిపోయిన పెన్‌డ్రైవ్. సెటప్‌లో బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, యూఎస్‌బీ బూట్ ఆపేయండి. సెటప్‌లోకి వెళ్లడానికి డెల్, ఏసర్, ఆసుస్‌లకి ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. లెనోవోలో అయితే ఎఫ్2, లేదంటే పక్కన చిన్న రంధ్రంలో ఉండే నోవో బటన్. అక్కడ ఉన్నప్పుడు సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) అని కనిపించేదాన్ని మాత్రం ముట్టుకోకండి. అది మారితే ఇంట్లో కూడా ఆన్ అవడం మానేస్తుంది.