ఒమేగా సెంటారీ హైదరాబాద్ నుంచి కనిపిస్తుందా? మిగతా గోళాకార తారాగుచ్ఛాలకూ (బంతిలా గుమిగూడిన తారల గుంపులకూ) దానికీ తేడా ఏమిటి?

కనిపిస్తుంది, కానీ దక్షిణ దిగంతానికి దాదాపు 25 డిగ్రీలకు మించి పైకి రాదు. మే మధ్యలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రానికి సరిగ్గా కింద, చాచిన చేతి పిడికిళ్లు మూడున్నర దూరంలో వెతకండి. నగరంలో దీపాల వెలుగు, దుమ్ము దాన్ని మింగేస్తాయి. వికారాబాద్ వైపు, దక్షిణాన చెట్లు అడ్డులేని చోటు మేలు. 10×50 బైనాక్యులర్‌లో గుండ్రటి దూదిపింజలా ఉంటుంది. 8 అంగుళాల టెలిస్కోపులో తారలు విడివడతాయి, చూసి తీరాల్సిన దృశ్యం!

దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు, వయసు దాదాపు 1,200 కోట్ల ఏళ్లు, తారలు కోటి దాకా. మామూలు గుచ్ఛంలో తారలన్నిటా ఇనుము ఇంచుమించు ఒకే పాళ్లలో, అదీ చాలా తక్కువగా ఉంటుంది. ఇక్కడ మాత్రం పాళ్లు వేర్వేరు, అంటే ముందు తరం తారలు వెదజల్లిన ఇనుము తర్వాతి తరాల్లో కలుస్తూ, తారలు పలు విడతల్లో పుట్టాయి. ఇలా జరగడం గెలాక్సీల తీరు; అందుకే ఇది పాలపుంత కలిపేసుకున్న చిన్న గెలాక్సీ నడిబొడ్డు అయ్యుండొచ్చన్న వాదనే బలమైనది.